ఓరుగల్లు చూడవచ్చినవారికి ఒక మనవి



గత డిసెంబరులో నా పూర్వ విద్యార్థి ఒకడు అమెరికా నుండి సకుటుంబంగా వచ్చాడు. ముప్పై ఏళ్ళ కిందట నా దగ్గర పదవ తరగతి తెలుగు చదువుకున్నవాడు. తాను పుట్టి పెరిగిన నేలను పిల్లలిద్దరికీ చూపించాలని అతని కోరిక. హైదరాబాదులో కారు మాట్లాడుకొని, ఒక్క రోజులో వరంగల్ అంతా చూసివచ్చే ఏర్పాటు చేసుకొన్నాడు. ఉదయం వేయిస్తంభాల గుడి, ఆపైన భద్రకాళి, ఆపైన కోట, అక్కడినుండి సుమారు డెబ్బై కిలోమీటర్ల దూరాన ఉన్న రామప్ప, ఆ పిమ్మట లక్నవరం చెరువు మీది వేలాడే వంతెన. అన్నీ ముగించుకొని రాత్రి తొమ్మిది దాటాక హనుమకొండలోని మా ఇంటికి చేరారు. ఆ రాత్రి మా ఇంట్లోనే బస.

భోజనాలయ్యాక అతని కూతురు ఫోనులో ఫోటోలు చూపించసాగింది. ఒక నల్లరాతి స్తంభం బొమ్మ వచ్చింది. "ఇది ఎక్కడిదమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించి తండ్రివైపు చూసింది. తండ్రి తల్లివైపు చూశాడు. అది వేయిస్తంభాల గుడిదో రామప్పదో ముగ్గురిలో ఎవరికీ తెలియలేదు. నా శిష్యుడు నవ్వి, "సార్, అన్నీ చూసినం గని, ఏం చూసినమో యాదికి లేదు" అన్నాడు. నవ్వుతూ అన్నాడే కాని, ఆ మాటలో కొంత బాధ ఉన్నది.

తరువాత దారిలో కొన్న దర్రీ ఒకటి విప్పి పరచారు. వరంగల్ చేనేత దర్రీ అని చెప్పి అమ్మారట. ధర కూడా తక్కువేమీ కాదు. మా ఆవిడ దాన్ని ఒకసారి తిరగవేసింది. పైన ఉన్న పువ్వు వెనుకవైపు లేదు. యంత్రం మీద తయారైన గుడ్డపై అచ్చువేసిన పువ్వది. ఆమె ఏమీ అనకుండా మళ్ళీ మడతపెట్టింది. అయినా విషయం అందరికీ అర్థమైంది.

ఆనాటి నుండి నా మనసులో మెదలుతున్న నాలుగు మాటలను ఇక్కడ వ్రాయదలచాను.

పెద్ద పెద్ద యాత్రాస్థలాలలో వలె వచ్చినవారిని చుట్టుముట్టి దోచుకొనే ముఠాలు మా ఊళ్ళో లేవు. ఇక్కడ మోసపోవడం మరో విధంగా జరుగుతుంది. నేను గమనించినంతలో దానికి మూడు ద్వారాలున్నాయి. తొందర మొదటిది, కట్టుకథ రెండవది, నకిలీ సరుకు మూడవది. మొదటి ద్వారం తెరిచింది మనమే. అది తెరుచుకొన్నాక మిగిలిన రెండూ వాటంతటవే తెరుచుకొంటాయి.

తొందర సంగతి చూడండి. వేయిస్తంభాల గుడిని కాకతి రుద్రదేవుడు 1163లో నిర్మించాడు. శివునికి, విష్ణువుకు, సూర్యునికి ఒకే చోట మూడు గర్భాలయాలున్న త్రికూటమది. అక్కడే ఆయన శాసనం నిలబడి ఉంది. అచింతేంద్రుడనే కవి రచించిన ఆ శాసనం కాకతీయులు స్వతంత్రులైన కథ చెబుతుంది. గుడి ఎదుటి కల్యాణమండపాన్ని జీర్ణోద్ధరణ కోసం 2006లో రాయిరాయిగా విప్పారు. తిరిగి నిలబెట్టి భక్తులకు తెరిచింది 2024 మార్చిలో. అనగా ఆ స్తంభాలను మళ్ళీ నిలపడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది. మనం వాటికి ఇరవై నిమిషాలిస్తాము. అందులో పది నిమిషాలు ఫోటోలకే పోతాయి. శాసనం దగ్గర ఆగినవారిని నేను వేళ్ళమీద లెక్కపెట్టగలను.

ఇక కట్టుకథలు. తొందరలో ఉన్నవారికి చరిత్ర చెప్పడానికి సమయం చాలదు కనుక, చెప్పేవారు చమత్కారం చెబుతారు. కోహినూరు వజ్రం భద్రకాళి అమ్మవారి కంటిలో ఉండేదంటారు. దానికి కాకతీయుల కాలపు ఆధారం ఒక్కటీ లేదు. ఆ వజ్రం గురించి నమ్మదగిన తొలి వ్రాత 1739లో నాదిర్షా ఢిల్లీని కొల్లగొట్టిన తరువాతి కాలానిది. కోట నుండి వేయిస్తంభాల గుడికి, అక్కడినుండి రామప్పకు సొరంగమున్నదంటారు. ఆ సొరంగంలో నడిచినవాడు మాత్రం ఎప్పుడూ చెప్పేవాని తాతగారి స్నేహితుడే. రామప్ప గుడి విషయంలోనూ ఇంతే. దానిని కట్టించినవాడు గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడని, సంవత్సరం 1213 అని అక్కడి శాసనం సాక్ష్యమిస్తున్నది. రామప్ప అనే శిల్పి కథ జనశ్రుతిగా వచ్చినది. జనశ్రుతిని నేను తక్కువ చేయను, అదీ మన సంపదే. అయితే జనశ్రుతిని జనశ్రుతిగానే చెప్పాలి. 2021లో ప్రపంచ వారసత్వ స్థలంగా యునెస్కో గుర్తించిన ఆలయం ముందు నిలబడినవారికి, కట్టించినవాని పేరు తెలియకుండా నీటిలో తేలే ఇటుక కథ ఒక్కటే తెలిస్తే, వారు ఇంటికి తీసుకువెళ్ళేది ఆ ఇటుక కథనే.

మూడవది నకిలీ సరుకు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. గుర్తింపు వచ్చిన పేరుకు గిరాకీ పెరుగుతుంది, గిరాకీ పెరిగిన పేరును అరువు తెచ్చుకొనేవారూ పెరుగుతారు. పువ్వును నేతలోనే దించిన దర్రీకి ముందు వెనుక తేడా ఉండదు, రంగుదారం అటూ ఇటూ ఒకేలా కనబడుతుంది. అచ్చువేసినదానికి ఒకటే ముఖం. ఇది తెలుసుకోవడానికి పాండిత్యం అక్కరలేదు, తిరగవేసి చూసే ఓపిక చాలు. ఆ ఓపిక లేకపోవడం వల్ల నష్టపోయింది నా శిష్యుడొక్కడే కాదు. అతడిచ్చిన డబ్బు చేరవలసిన మగ్గానికి చేరలేదు.

మరి ఊరు చూడడమంటే ఎలా? మన భాషలో దీనికి మార్గదర్శి ఎప్పుడో వెలసింది. అదే క్రీడాభిరామం. వినుకొండ వల్లభరాయని పేరున ఉన్న ఆ వీథినాటకం శ్రీనాథునిదేనని వాదించిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వంటి పండితులున్నారు. ఆ చర్చ ఇప్పుడు మనకక్కరలేదు. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లులో ఒక దినం తిరగడమే అందులోని కథ. వారికీ దొరికింది ఒక్క రోజే అని గమనించండి. వారేం చూశారు? కోటవాకిలి దగ్గరి బండ్ల రద్దీ, సంతవీధి చూశారు. రూక చెల్లించి పూటకూళ్ళ ఇంట భోజనం చేశారు. పల్నాటి వీరుల కథ పాడుతుంటే నిలబడి విన్నారు. మైలారదేవుని భటుల సాహసాలు చూశారు. కాకతమ్మకు, ఏకవీరకు మొక్కారు. కోడిపందెం దగ్గర, పొట్టేళ్ళ పోరు దగ్గర గుంపులో గుంపయ్యారు. రాజు ఎన్ని స్తంభాల గుడి కట్టించాడని వారు లెక్కపెట్టినట్లు లేదు. ఆరు వందల ఏళ్ళ తరువాత కూడా ఆనాటి ఓరుగల్లు మన కళ్ళకు కడుతున్నదంటే, వారు నడిచారు కనుక, ఆగారు కనుక, పలకరించారు కనుక.

మరునాడు మధ్యాహ్నం దాకా నా శిష్యునికి వ్యవధి ఉన్నది. "ఇవాళ కారు పక్కనపెట్టి నాతో రండి" అన్నాను. ఆటోలో కోట దాకా వెళ్ళి, ద్వారం ఇవతలే దిగాము. కోట ద్వారం నేరుగా ఉండదు. లోపలికి వెళ్ళేవాడు ఒకసారి పక్కకు తిరగాలి, మళ్ళీ తిరగాలి, తిరిగినప్పుడల్లా ఎత్తయిన గోడల నడుమ నిలవాలి. ఏనుగులతో తలుపు పగలగొట్ట వచ్చిన శత్రువుకు పరుగందుకొనే చోటు లేకుండా చేసిన ఏర్పాటది. ముందురోజు ఇదే ద్వారం గుండా కారులో పోయారు. అప్పుడు అది ఒక మలుపు మాత్రమే. నడిచినప్పుడు పిల్లవాడు తనంతట తానే ఆగి, పైకి చూసి, "పైనుంచి బాణాలు వేస్తే తప్పించుకోవడం కష్టం" అన్నాడు. నేను బల్లగుద్ది పాఠం చెప్పినా ఇంత బాగా చెప్పలేకపోయేవాణ్ణి.

లోపల ఊరున్నది. కోటను చూడవచ్చినవారిలో చాలామంది కీర్తితోరణాల దగ్గర దిగి, తోరణం కింద ఫోటో తీసుకొని వెళ్ళిపోతారు. రాతికోటకు, మట్టికోటకు మధ్య పొలాలున్నాయని, ఇళ్ళున్నాయని, 1323లో రాజ్యం పోయినా జనం పోలేదని వారికి తెలియదు. మేము ఆ వీధులలో నడిచాము. ఒక ఇంటి ముందు ఒక పెద్దమ్మ సర్వపిండి కాలుస్తున్నది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, శనగపప్పు, ఉల్లికాడ కలిపి, గిన్నె అడుగున చేత్తో అద్ది, మధ్యమధ్య వేలితో చిల్లులు పెట్టి, నూనె పోసి కాల్చే రొట్టె. పిల్లలు నిలబడి చూస్తుంటే పిలిచి చెరొక ముక్క పెట్టింది. డబ్బు ఇవ్వబోతే, "పిల్లలకు పెడితే పైసలు దీసుకుంటరా బిడ్డా" అని కోప్పడింది. నా శిష్యుడు సమాధానం చెప్పలేక చేతులు జోడించాడు.

అక్కడినుండి కొత్తవాడకు వెళ్ళాము. ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. నా అత్తవారిల్లు కొత్తవాడకు దగ్గరే. పెళ్ళయిన నాటి నుండి ఆ వీధి పక్కనుండే వస్తూ పోతూ ఉన్నాను. మగ్గం చప్పుడు వింటూనే ఉన్నాను. ఏనాడూ ఆగి ఒక మగ్గం ముందు కూర్చోలేదు. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో ప్రబంధాల వర్ణనలు చెప్పాను, నేత మీద సామెతలకు అర్థాలు చెప్పాను, ఒక్క తరగతినైనా ఆ వాడకు నడిపించలేదు. కారులో వచ్చి ఇరవై నిమిషాలలో వెళ్ళినవారిని తప్పుపట్టే అర్హత నాకెంత ఉన్నదో పాఠకులే నిర్ణయించాలి.

మా ఆవిడ చెప్పిన ఆనవాలు పట్టుకొని ఒక ఇంటికి వెళ్ళాము. డెబ్బై ఏళ్ళ పెద్దాయన మగ్గం మీద ఉన్నాడు. దర్రీ నేత చీర నేత వంటిది కాదు. పడుగు నూలును కప్పివేసేటంత దట్టంగా పేకను దువ్వెన వంటి పనిముట్టుతో కొట్టి కొట్టి దించాలి. అందుకే ఆ బరువు, ఆ మన్నిక. మేము చాలాసేపు నిలబడ్డాము. పిల్లది ఫోను తీసింది. ఆయన చేయి ఆపి నావైపు చూసి, మెల్లగా ఇలా అన్నాడు. "సార్, చూడనీకి మస్తుమంది వస్తరు. ఫోటోలు దిగుతరు. మగ్గం మీద కూసుండబెట్టి పిల్లల ఫోటోలు గూడ దీస్తరు. ఇది మా పని జాగ సార్. ఒక్కొక్కలు వచ్చినప్పుడల్లా పని ఆగుతది."

ఆ పిల్ల ఫోను సంచిలో పెట్టేసింది. మేము కింద కూర్చున్నాము. ఆయన మళ్ళీ పని మొదలుపెట్టాడు. తరువాత అడగకుండానే మాటలు వచ్చాయి. ఆయన తండ్రి, తాత ఇదే పని. ఇద్దరు కొడుకులలో ఒకడు హైదరాబాదులో, ఒకడు సూరతులో. తన తరువాత ఈ మగ్గం ఎవరిదో తనకు తెలియదు. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు మూతపడిన 2002 నాటి సంగతులు కూడా చెప్పాడు. మిల్లు వచ్చినా తట్టుకొన్న మగ్గం, మిల్లు పోయాక కూడా నిలిచిన మగ్గం, కొడుకుల కాలానికి ఆగిపోతున్నది. నా శిష్యుడు ఆ ఇంట్లోనే ఒక దర్రీ కొన్నాడు. బేరమాడలేదు. ఈసారి అతని కూతురు తానే దాన్ని తిరగవేసి రెండువైపులా చూసింది. పెద్దాయన నవ్వాడు.

ఆ నేతగాని మాట నాకు గట్టిగా తగిలింది. ఈ మధ్య అందరూ చూసే చోట్లు మాకు వద్దు, అసలైన ఊరే కావాలి అనే ధోరణి పెరుగుతున్నది. కోరిక మంచిదే. కాని అసలైన ఊరు అంటే మనుషులు బ్రతుకుతున్న ఇళ్ళు, పనిచేసుకొంటున్న చేతులు. వాటినీ ఒక ప్రదర్శనగా చూస్తే, మొన్నటిదాకా గుడి ముందు చేసిన పనినే ఇప్పుడు ఒకరి వాకిట్లో చేస్తున్నామన్నమాట. గుడికి నష్టం లేదు, రాయి ఓర్చుకొంటుంది. మనిషికి పని చెడుతుంది, మనసు నొచ్చుకొంటుంది. కనుక నా మనవి ఏమంటే, వాకిట్లో అడుగుపెట్టే ముందు అడగండి. కూర్చోమంటేనే కూర్చోండి. కొనదలచుకొంటే అక్కడే కొనండి. ఏమీ కొనకపోతే ఆయన సమయం వృథా చేయకండి. మన పెద్దలు అతిథి ధర్మమని ఒకవైపే చెప్పలేదు, వచ్చినవానికీ ఒక మర్యాద ఉన్నది.

"మాకున్నదే ఒక్క రోజు, ఇన్ని ఎక్కడ కుదురుతాయి" అనేవారుంటారు. సమంజసమైన ప్రశ్నే. నా సమాధానం, పట్టికలో సగం కొట్టివేయండి. రామప్పకు వెళితే ఆ రోజంతా రామప్పదే, ఆ మండపంలో నీడ జరగడం చూసేదాకా కూర్చోండి. ఊళ్ళో ఉంటే ఒక గుడి, కోట, ఒక వాడ చాలు. మిగిలినవి మరొకసారి రావడానికి సాకుగా ఉంచుకోండి. వేయిస్తంభాల గుడి, తోరణాలు వద్దని నేననడం లేదు. అవి లేనిదే మా ఊరికి ఆ పేరే లేదు. వాటికి ఇవ్వవలసిన సమయం ఇవ్వండి అంటున్నాను.

ఋతువు చూసుకొని రాగలిగితే ఇంకా మంచిది. మహాలయ అమావాస్య నాడు వేయిస్తంభాల గుడి ముంగిట ఎంగిలిపూల బతుకమ్మ, తొమ్మిదవ నాడు పద్మాక్షి గుండం దగ్గర సద్దుల బతుకమ్మ. ఆ రోజు తంగేడు, గునుగు మోసుకువచ్చే ఆడపడుచులు ఎవరికోసమూ ఆడరు, తమకోసం ఆడుకొంటారు. సంక్రాంతికి వస్తే ఇంటింటా సకినాలు చుడుతుంటారు, ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు పూజారులు రంగుల పొడులతో పట్నం వేస్తారు. క్రీడాభిరామంలోని మైలారదేవుని కొలువు పూర్తిగా గతించలేదని అక్కడ తెలుస్తుంది. మిర్చి కోతల కాలంలో ఎనుమాముల మార్కెట్టు దగ్గరికి వెళితే ఘాటుకు కళ్ళు మండినా, 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా మిర్చి ఎర్రదనం మరచిపోలేరు. చదువరులైతే 1904లో హనుమకొండలో వెలసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయంలో ఒక గంట గడపండి. అక్కడ పత్రిక చదువుకొనే పెద్దలను పలకరిస్తే, మా కాళోజీ నారాయణరావుగారి గురించి వినవచ్చు. ఆ కబుర్లకు టికెట్టు లేదు.

చివరిగా ఒక మాట ఊరివారికి, అందులోనూ నా వంటి ఉపాధ్యాయులకు. వచ్చినవారు తప్పుడు కథలు మోసుకుపోతున్నారంటే, సరైన కథ చెప్పేవారం మనం ఇంట్లో కూర్చున్నందువల్ల కూడా. ఊరు మనకు తెలియకపోతే ఇతరులకేం చూపిస్తాము? పాఠశాల విహారయాత్రలంటే బస్సులెక్కి దూరదేశాలు వెళ్ళడమే కాదు. కొత్తవాడ నడిచివెళ్ళేటంత దూరంలో ఉన్న బడులెన్ని లేవు?

ఫిబ్రవరిలో నా మనవరాలిని వెంటబెట్టుకొని మళ్ళీ ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ముందుగా కబురుచేసి, ఆయనకు పనిలేని వేళ అడిగి తెలుసుకొని మరీ వెళ్ళాను. మగ్గం ఆగి ఉన్నది. ఆయన అమ్మాయిని దగ్గర కూర్చోబెట్టుకొని, పడుగు ఏదో పేక ఏదో చూపించాడు. పాఠ్యపుస్తకంలో ఆ రెండు మాటలకూ నేను ఎన్నోసార్లు అర్థం చెప్పాను. ఆ అమ్మాయికి మాత్రం ఆ రోజే అర్థమైంది. నిజం చెప్పాలంటే, నాకూ ఆ రోజే.

మీ ఊళ్ళలో ఇలా పక్కనే ఉండి చూడనివి ఏమున్నవో వ్రాయగలరు.

సెలవు.